మన వీధి వాననీరు, 3వ పాఠం: ఈ కాలువ చాలుతుందా?

మొదటి పాఠంలో మీ వీధి నీళ్లు ఎటు పారి ఏ కాలువలో పడతాయో గీసుకున్నారు. రెండో పాఠంలో మిద్దె మీద వానమాపకం పెట్టుకున్నారు. ఈసారి అసలు లెక్క. గట్టి వానలో మీ కాలువలోకి సెకనుకు ఎన్ని లీటర్లు వస్తాయి, అది ఎన్ని లీటర్లు మోయగలదు? ఈ రెండు అంకెలూ తేల్చుకుంటే వార్డు సచివాలయానికి ఇచ్చే అర్జీలో "కాలువ బాగాలేదు" అని కాకుండా "ఈ కాలువ ఇంత తక్కువ పడుతోంది" అని రాయగలరు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే అనంతపురానికి ఈ లెక్కలెందుకని అడిగేవాళ్లున్నారు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగింది ఈ ఊళ్లోనే. ఏడాది మొత్తం వాన ఎంతన్నది చెరువుకూ బోరుకూ కావాల్సిన అంకె. కాలువకు కావాల్సింది, వాన బలంగా కొట్టిన ఆ పావుగంటలో ఎంత పడిందన్నది.

వాన తీవ్రత

చాలామంది తడబడేది ఇక్కడే. పేపర్లో "24 గంటల్లో 60 మిల్లీమీటర్లు" అని చూసి 24తో భాగిస్తే గంటకు 2.5 వస్తుంది. ఆ లెక్కతో ఏ వీధీ మునగదు. కానీ వాన అలా సమంగా పడదు కదా. మీ మాపకంలో 15 నిమిషాలకు 12.5 మిల్లీమీటర్లు చేరితే తీవ్రత గంటకు 50 మిల్లీమీటర్లు. లెక్కలో వేయాల్సింది ఇదే.

పావుగంటే ఎందుకంటే, పదెకరాల కాలనీలో అన్నిటికంటే దూరంగా ఉన్న మిద్దె మీది నీళ్లు కాలువ చివరకు చేరడానికి సుమారు పది, పదిహేను నిమిషాలు పడుతుంది. వాన అంతసేపు ఆగకుండా కొడితే కాలనీ మొత్తం నీళ్లు ఒకేసారి కాలువ చివరకు వచ్చి పడతాయి. కాలువకు పరీక్ష అప్పుడే.

ఎంత నీళ్లు వస్తాయి

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎకరాలో పడే నీళ్లను 3,600 సెకన్లతో భాగిస్తే సెకనుకు 1.12 లీటర్లు. కాబట్టి:

సెకనుకు లీటర్లు = 1.12 × పారుదల గుణకం × తీవ్రత × ఎకరాలు

పారుదల గుణకం అంటే పడిన వానలో నేల ఇంకించుకోగా పారిపోయే వంతు. మిద్దెలకు 0.9, సిమెంటు రోడ్డుకు 0.85, మన ఎర్రమట్టి ఖాళీ స్థలాలకు 0.3 వేసుకోండి. మట్టి బాగా తొక్కుడుపడి గట్టిబడి ఉంటే ఇంకొంచెం పెంచండి.

ఊరి అంచున పదెకరాల లేఅవుట్ అనుకుందాం. ఇళ్లు పడకముందు అంతా బీడు. తీవ్రత 50 అయితే 1.12 × 0.3 × 50 × 10 = 168 లీటర్లు. ఇప్పుడు అక్కడ 5 ఎకరాల మేర మిద్దెలు, 2 ఎకరాల రోడ్లు, 3 ఎకరాల ఖాళీ స్థలం ఉన్నాయి. ఒక్కో రకం విస్తీర్ణాన్ని దాని గుణకంతో గుణించి కూడితే 4.5 + 1.7 + 0.9 = 7.1. పదితో భాగిస్తే సగటు గుణకం 0.71. మళ్లీ సూత్రంలో వేస్తే సుమారు 400 లీటర్లు. వాన అదే, విస్తీర్ణమూ అదే, నీళ్లు మాత్రం రెట్టింపు దాటాయి.

కాలువ ఎంత మోస్తుంది

టేపుతో కాలువ వెడల్పు, లోతు కొలవండి. వాటం, అంటే కాలువ అడుగు వాలు, తెలియాలంటే మేస్త్రీ దగ్గరుండే నీళ్ల ట్యూబు చాలు. మన ఉదాహరణలో వెడల్పు 45 సెంటీమీటర్లు, లోతు 60, వాటం 30 మీటర్లకు 10 సెంటీమీటర్లు, అంటే 300కు 1. పైన 15 సెంటీమీటర్లు ఖాళీ వదిలి, నీటి లోతు 45గా తీసుకుందాం.

కాలువలో నీటి వేగానికి, ఐర్లండ్ ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889లో చెప్పిన సూత్రాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. నీళ్ల అడ్డకోత 0.45 × 0.45 = 0.2025 చదరపు మీటర్లు. నీళ్లు తగిలే అంచు, అడుగూ రెండు గోడలూ కలిపి 1.35 మీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.15. దీన్ని దానితోనే గుణించి ఘనమూలం తీస్తే 0.282. వాటం వర్గమూలం 0.0577. ఈ రెండింటినీ గుణించి గరుకుదనంతో భాగించాలి. ఓ మోస్తరు కాంక్రీటు కాలువకు గరుకుదనం 0.015. వేగం సెకనుకు సుమారు 1.09 మీటర్లు వస్తుంది. దాన్ని అడ్డకోతతో గుణిస్తే 0.22 ఘనపు మీటర్లు, అంటే 220 లీటర్లు.

ఇప్పుడు మూడు అంకెలూ చూడండి: 168, 220, 400. ఈ కాలువ కట్టిన రోజు చాలింది. కట్టినవాళ్లు లెక్క తప్పారనలేం. ఆ తర్వాత పైన నేల మారింది, కాలువను మాత్రం ఎవరూ మళ్లీ లెక్కగట్టలేదు. మన ఊళ్లలో మునిగే వీధుల కథ ఎక్కువగా ఇదేనని నా నమ్మకం.

అడుగున 15 సెంటీమీటర్ల పూడిక ఉంటే నీటి లోతు 30కి తగ్గి, మోసేది సుమారు 132 లీటర్లకు పడిపోతుంది. బండలు కప్పి ఏళ్లుగా ఎత్తని కాలువల్లో ఇది మామూలే. అందుకే కొలిచేటప్పుడు బండ ఎత్తించి, కర్ర దించి పూడిక చూడండి. పైనుంచి చూసి అంచనా వేయొద్దు.

ఇక వాతావరణ మార్పు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టి ఉంచగలదు. అది దిగేటప్పుడు కొద్దిసేపట్లోనే కుమ్మరించే అవకాశం పెరుగుతుంది. జాగ్రత్త కోసం తీవ్రతను 50 నుంచి 60కి పెంచి చూడండి, సుమారు 477 లీటర్లు. ఇళ్లు పడటంతో 230 పెరిగాయి, ఆకాశం మరో 77 కలుపుతోంది. అంతా వాతావరణం మీదికి తోసేయడానికి లేదు, దాన్ని పక్కన పెట్టడానికీ లేదు.

మిగిలిన నీళ్లను ఏం చేయాలి

తీవ్రత 50 దగ్గరే చూసినా, వచ్చే 400లో కాలువ మోసే 220 పోగా సెకనుకు 180 లీటర్లు ఎక్కువ వస్తున్నాయి. పావుగంటకు, ఎక్కువలో ఎక్కువ 1,62,000 లీటర్లు. కాలువను వెడల్పు చేయడం ఒక దారి, కానీ చాలా వీధుల్లో గోడకూ రోడ్డుకూ మధ్య జాగా ఉండదు. పైగా అలా తోసిన నీళ్లు కింది వీధి మీద పడతాయి. మిద్దె మీదే ఆపడం మేలు. 5 ఎకరాల మిద్దెలంటే ఒక్కోటి 100 చదరపు మీటర్ల చొప్పున 200 ఇళ్లు. ఆ పావుగంటలో ఒక్కో మిద్దె నుంచి దిగేవి సుమారు 1,125 లీటర్లు. 160 ఇళ్లవాళ్లు తలా వెయ్యి లీటర్లు సంపులోకో ఇంకుడుగుంతలోకో మళ్లిస్తే మనకు ఎక్కువైన నీళ్లు దాదాపు అన్నీ అక్కడే ఆగిపోతాయి. బోరు కోసం వందల అడుగులు దించుకునే జిల్లాలో ఆ నీళ్లు మనకు కావాల్సినవే. అయితే వాన మొదలయ్యేసరికి సంపులో ఆ మేరకు జాగా ఉండాలి. నిండిన సంపు ఈ లెక్కలోకి రాదు.

అభ్యాసం

మీ వీధికి ఈ లెక్క రెండుసార్లు చేయండి. ఒకసారి ఇప్పుడున్నట్టు, ఇంకోసారి ఖాళీ ప్లాట్లన్నీ ఇళ్లయిపోయినట్టు. కాలువకు కూడా రెండుసార్లు, పూడికతోనూ పూడిక లేకుండానూ. నాలుగు అంకెలూ ఒకే కాగితం మీద రాసి, కొలిచిన తేదీ వేయండి.

ఈ లెక్కలో కాలువ చివర నీళ్లు అడ్డం లేకుండా వంకలోకి దిగిపోతాయని అనుకున్నాం. వంక నిండి ఉంటే అవి వెనక్కి తంతాయి, అప్పుడు 220 కూడా మోయదు. కల్వర్టు దగ్గర ఆ మట్టం ఎలా కొలవాలో నాలుగో పాఠంలో చూద్దాం. దానికి టేపు, ట్యూబుతో పాటు సున్నం, బ్రష్ సిద్ధంగా పెట్టుకోండి.