నులిపురుగుల మాత్ర ఇచ్చే ముందు హాజరుపట్టీ చూడండి

ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరిట బడుల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఆ రోజు వచ్చిన పిల్లలకే అందుతుంది; ఒంట్లో బాగోలేక తరచూ మానేసే పిల్లలు ఆ రోజూ రాకపోవచ్చు. అందుచేత విశాఖపట్నం ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు ముందుగా హాజరుపట్టీ తెరవాలని నా మనవి.

గడచిన రెండు నెలల్లో వారానికి ఒకటి రెండు రోజులు మానినవారి పేర్లు విడిగా రాసుకుని, ఆ పిల్లలను గమనించండి. కింది కనురెప్ప లోపలి భాగం పాలిపోయి ఉన్నా, ఆటల వేళ గోడకు చేరగిలబడి కూర్చుంటున్నా, మధ్యాహ్న భోజనం సగంలో వదిలి బొడ్డు దగ్గర చెయ్యి పెట్టుకుంటున్నా తల్లిదండ్రులకు చెప్పి దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి పంపండి. పోషకాహార లోపం వల్ల కూడా రక్తహీనత వస్తుంది కనుక కారణాన్ని మనమే తేల్చకూడదు. కానీ కొంకిపురుగులు పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తాయి కాబట్టి ఆ అనుమానాన్ని వదలకూడదు.

కెన్యా బడుల్లో ఆర్థికవేత్తలు మిగెల్, క్రెమర్ జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో నులిపురుగుల మందు ఇచ్చిన తరువాత గైర్హాజరు సుమారు నాలుగో వంతు తగ్గింది. ఆ లెక్కపై తరువాత పండితుల మధ్య వాదాలు నడిచాయి. అయినా పిల్లల కడుపులో పురుగులను ఉండనివ్వడానికి అది కారణం కారాదు.

బడి ఈడు పిల్లలకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇచ్చి, మీ ఎదుటే నమిలించి మింగించండి. ఇంటికి ఇచ్చి పంపకండి. జ్వరంగా ఉన్నవారికి ఆ రోజు వద్దు. పురుగులు ఎక్కువగా ఉన్న ఒకరిద్దరికి కాసేపు వికారం, కడుపునొప్పి రావచ్చు. నీడలో పడుకోబెట్టి నీళ్లు తాగించండి, తగ్గకపోతే ఆరోగ్య సిబ్బందిని పిలవండి. ఈ సంగతి తల్లులకు ముందురోజే చెప్పకపోతే, ఒక్క పిల్ల వాంతి చేసుకున్నా వీధంతా బెదిరిపోతుంది.

మాత్ర ఉన్న పురుగులను చంపుతుంది గానీ, కొత్తవి రాకుండా ఆపలేదు. కొండవాలు కాలనీల్లో చెప్పులు గుమ్మంలోనే వదిలి గెడ్డ పక్కకు పరుగెత్తే పిల్లల అరికాళ్ల చర్మం గుండానే కొంకిపురుగు పిల్లలు ఒంట్లోకి చేరతాయి. ఏలికపాముల గుడ్లు మట్టి పట్టిన గోళ్ల నుంచి నోటికి వెళ్తాయి. సోమవారం ప్రార్థన తరువాత గోళ్లు చూడండి. సబ్బు పోతుందని దాచిపెట్టకుండా, పాత మేజోడులో వేసి కుళాయికి కట్టండి.

మొదట రాసుకున్న జాబితాలో మాత్ర అందనివారి పేర్ల కింద గీత గీసి, ఆశా కార్యకర్తకు ఒక ప్రతి ఇచ్చి, సాధారణంగా వారం తరువాత వచ్చే రెండో విడత నాటికి ఆ పిల్లలను బడికి రప్పించండి.