లాగ్ టేబుల్ డిస్క్‌ని మింగేస్తుంటే ఏం చేయాలి

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అప్లికేషన్ లాగ్స్ (యాప్ ఎప్పుడేం చేసిందో రాసుకునే లైన్లు) పెట్టుకోవడం తప్పేమీ కాదు. కస్టమర్ల టేబుల్‌ని చూసుకున్నట్టే దీన్నీ చూసుకుంటేనే తలనొప్పి.

సమస్య: కోట్ల కొద్దీ పాత లాగ్స్ డిలీట్ చేసినా డిస్క్ ఖాళీ కాలేదు

డిలీట్ కొడితే రికార్డు ఫైల్లోంచి పోదు, చచ్చి అక్కడే పడి ఉంటుంది. తర్వాత వాక్యూమ్ (చచ్చిన రికార్డుల్ని ఊడ్చే పని) వచ్చి ఆ చోటుని మళ్లీ వాడుకోవచ్చని గుర్తు పెడుతుందంతే, చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్‌కి తిరిగివ్వదు. పైగా డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో ఆటోవాక్యూమ్ (దానంతటదే నడిచే వాక్యూమ్) కదలాలంటే దాదాపు 20 శాతం రికార్డులు చచ్చి ఉండాలి, అంటే 50 కోట్ల టేబుల్లో 10 కోట్లు.

కంగారులో వాక్యూమ్ ఫుల్ మాత్రం కొట్టకండి. అది టేబుల్ మొత్తాన్ని కొత్తగా రాస్తుంది కాబట్టి ఆ కాపీకి సరిపడా చోటు కావాలి (మన దగ్గర లేనిదే అది), అయ్యేదాకా ఆ టేబుల్ని ఎవరూ చదవలేరు, రాయలేరు.

అసలు మందు రోజువారీ పార్టిషన్లు, అంటే టేబుల్‌ని రోజుకో ముక్కగా పెట్టుకోవడం. వెర్షన్ 10 నుంచి ఇది పోస్ట్‌గ్రెస్‌లోనే ఉంది. గడువు దాటిన రోజు పార్టిషన్‌ని డ్రాప్ చేస్తే ఫైలే పోతుంది, చోటు అక్కడికక్కడే వచ్చేస్తుంది. ఇప్పటికే ఉన్న పెద్ద టేబుల్ని విడగొట్టే పని పెట్టుకోకుండా, కొత్త లాగ్స్‌ని కొత్త పార్టిషన్ టేబుల్‌కి మళ్లించి, పాతదాని గడువు తీరాక మొత్తంగా పీకేయండి. రెండు జాగ్రత్తలు. రేపటి పార్టిషన్ ఇవాళే తయారుగా లేకపోతే, డిఫాల్ట్ పార్టిషన్ (ఏ ముక్కకీ చెందని రికార్డులు పడేది) కూడా లేకపోతే, రోజు మారగానే ఇన్సర్టులు ఫెయిలవుతాయి; సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే అది మనకి తెల్లవారుజామున 5:30, ఫోన్ మోగేది అప్పుడే. రెండోది, డ్రాప్‌కి పేరెంట్ టేబుల్ (ఈ పార్టిషన్లన్నీ దేని ముక్కలో ఆ టేబుల్) మీద లాక్ కావాలి, ఏదైనా పెద్ద రిపోర్టు నడుస్తుంటే డ్రాప్ దాని వెనక, ఇన్సర్టులన్నీ డ్రాప్ వెనక క్యూ కడతాయి. ముందు లాక్ టైమవుట్ (లాక్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగ్) చిన్నగా పెట్టుకుని అప్పుడు కొట్టండి.

సమస్య: ట్రాఫిక్ పెరగగానే లాగ్స్‌తో సంబంధం లేని పేజీలూ స్లో

ఒక్కో లాగ్ లైన్‌కి ఒక్కో కమిట్ (రాసినదాన్ని ఖాయం చేయడం) అవుతోంది, ప్రతి కమిట్ డిస్క్‌కి చేరేదాకా ఆగుతోంది, అదే కనెక్షన్ పూల్లో (డేటాబేస్‌కి తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు) ఆర్డర్లూ వెయిటింగ్. కొన్ని వందల లైన్లు పోగేసి ఒకే ఇన్సర్టుగా పంపండి, లేదా బోలెడు లైన్లు ఒకేసారి ఎక్కించే కాపీ కమాండ్ వాడండి. లాగ్స్‌కి వేరే పూల్ పెట్టి, ఆ కనెక్షన్లకి మాత్రం సింక్రనస్ కమిట్ (డిస్క్‌కి చేరేదాకా ఆగడం) ఆఫ్ చేయండి. సర్వర్ పడిపోతే చివరి క్షణాల లాగ్స్ పోవచ్చు గానీ డేటా పాడవదు.

సమస్య: ఎర్రర్ వచ్చింది, దాని లాగ్ మాత్రం లేదు

లాగ్ కూడా అదే ట్రాన్సాక్షన్‌లో రాశారు, రోల్‌బ్యాక్‌తో (ఎర్రర్ వస్తే ఆ ట్రాన్సాక్షన్‌లో రాసిందంతా వెనక్కి తీసుకోవడం) అదీ పోయింది. వేరే కనెక్షన్‌లో రాయండి.

సమస్య: మెసేజ్‌లో ఒక పదం వెతికితే నిమిషాలు పడుతోంది

పదానికి రెండు వైపులా శాతం గుర్తుతో లైక్ (ఎస్‌క్యూఎల్‌లో పదాన్ని వెతికే కండిషన్) పెడితే మామూలు ఇండెక్స్ పనికిరాదు. ట్రైగ్రామ్ ఇండెక్స్ (పదాల్ని మూడేసి అక్షరాల ముక్కలుగా గుర్తుంచుకునేది) పనిచేస్తుంది, కానీ ప్రతి ఇన్సర్టు మీదా భారం పడుతుంది, అందుకే నేనైతే పెట్టను. ముందు టైమ్ కండిషన్ తప్పనిసరి చేయండి, అప్పుడు ఆ రోజు పార్టిషన్ ఒక్కటే చదువుతుంది. టీమంతా రోజంతా పదాలే వెతుకుతుంటే ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి సెర్చ్ ఇంజిన్‌కి మారడమే నయం.

ఇన్సర్టులు హఠాత్తుగా మొత్తం ఆగిపోతే ఐడీ కాలమ్ చూడండి. అది ఇంటీజర్ రకమైతే 214 కోట్ల దగ్గర నిండిపోతుంది, సెకనుకి వెయ్యి లైన్లు వస్తే 25 రోజులు కూడా పట్టదు. బిగ్ఇంట్ (ఇంకా చాలా పెద్ద అంకెలు పట్టే రకం) పెట్టండి.