వరకట్న మరణం కేసులో బెయిల్: కోర్టు ఏం చూస్తుంది, ఏవి సిద్ధం చేసుకోవాలి

బెయిల్ దశలో కోర్టు నేరం రుజువైందా లేదా అని తేల్చదు. రికార్డు చదివితే కేసు నిలిచేలా ఉందా, ఈ నిందితుడి పాత్ర ఏమిటి, బయటికొస్తే పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా అన్నవే చూస్తుంది. అందుకే బాధిత కుటుంబమైనా, నిందితుల తరఫు వారైనా ముందుగా రాసుకోవలసింది తేదీల పట్టిక.

2024 జూలై 1 నుంచి జరిగిన మరణానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 80, అంతకు ముందుదానికి ఐపీసీ 304బి వర్తిస్తుంది. శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పడొచ్చు. పెళ్లైన ఏడేళ్లలోపు అసహజ మరణం జరగాలి, దానికి కొద్ది ముందు కట్నం కోసం వేధింపు ఉండాలి. ఇవి కనిపిస్తే సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 118 కింద కోర్టు దాన్ని వరకట్న మరణంగానే ఊహించుకోవాలి.

వాదనలన్నీ ఆ ‘కొద్ది ముందు’ దగ్గరే తిరుగుతాయి. చావుకు సరిగ్గా ముందు రోజే వేధించి ఉండాలని లేదని, వేధింపుకీ మరణానికీ దగ్గరి, సజీవ సంబంధం చాలని సుప్రీంకోర్టు 2021లో సత్బీర్ సింగ్ కేసులో చెప్పింది. రెండేళ్ల కిందటి పెద్దమనుషుల పంచాయితీ ఒక్కటే చూపిస్తే కేసు పలచబడుతుంది. ఆ తర్వాత మళ్లీ అడిగిన డబ్బు, పుట్టింటివారు పంపినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, చివరి వారంలో తల్లికి వచ్చిన ఫోన్లు వరుసగా పెడితే గొలుసు నిలుస్తుంది. వాట్సాప్ స్క్రీన్‌షాట్ మాత్రమే ఉంచి ఫోన్ అమ్మేయడం చాలామంది చేసే పొరపాటు. ఫోన్ భద్రపరచండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు కాపీలు కూడా తీసుకోండి.

అత్తింటివారందరినీ ఒకే వాక్యంలో చుట్టేస్తే అసలు నిందితులకే మేలు. ఎవరు, ఎప్పుడు, ఏమడిగారో విడివిడిగా రాయాలి. 2025లో షబీన్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు అత్తమామల బెయిల్ రద్దు చేసి, ఆడపడుచుల బెయిల్‌ను అలాగే ఉంచింది. ఆడవారు, జబ్బుపడినవారు అన్న కారణం పరిశీలనకు వస్తుంది కానీ, దాంతోనే బెయిల్ వస్తుందని అనుకోకూడదు.

యావజ్జీవం పడే నేరం కాబట్టి మామూలుగా బెయిల్ పిటిషన్ సెషన్స్ కోర్టులో, నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 483 కింద వేస్తారు. అక్కడ కొట్టేస్తే హైకోర్టుకు వెళ్తారు. ముందస్తు బెయిల్‌కు సెక్షన్ 482. సగం శిక్షాకాలం జైల్లో గడిపితే విడుదల చేసే సెక్షన్ 479 సదుపాయం ఈ నేరానికి లేదు.

ఇక 90 రోజుల లెక్క. తొలి రిమాండ్ తేదీని కలుపుకుని లెక్కించాలి. ఆలోగా చార్జిషీట్ రాకపోతే డిఫాల్ట్ బెయిల్ హక్కు పుడుతుంది. అయితే చార్జిషీట్ దాఖలయ్యే లోపే పిటిషన్ వేయాలి, వేయకపోతే హక్కు పోయినట్టే. బాధిత కుటుంబం 75వ రోజుకే దర్యాప్తు అధికారిని కలవడం మంచిది. ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు రాలేదని చార్జిషీట్ ఆపనక్కర్లేదు, దాన్ని తర్వాతైనా దాఖలు చేయవచ్చు.

బెయిల్ విచారణలో బాధితుల మాట వినాలని 2022లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు మీ తేదీల పట్టికను ముందే ఇవ్వండి. బెయిల్ వచ్చేస్తే రద్దు కోరడానికి రెండు దారులున్నాయి: ముఖ్యమైన ఆధారాన్ని పట్టించుకోకుండా ఇచ్చిన ఆర్డరని పై కోర్టుకు చూపడం, లేదా బయటికొచ్చాక సాక్షుల్ని బెదిరించారని చూపడం. రెండో దారిలో వెళ్లాలంటే బెదిరింపు జరిగిన రోజే పోలీసులకు రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోవాలి.