ఇంట్లో ఎవరి కార్బన్ వాటా ఎంత? వయసును, బతుకుతీరును బట్టి లెక్క కట్టే పద్ధతి

ఇంటి కరెంటు, గ్యాసు, పెట్రోలు వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ అంతా కలిపి ఇంట్లోని నలుగురితో భాగిస్తే వచ్చే అంకె ఆ నలుగురిలో ఒక్కరికీ సరిపోదు. రోజూ కారులో ఉద్యోగానికి వెళ్లే నలభై ఐదేళ్ల మనిషి, పగలంతా ఇంటిపట్టునే ఉండే డెబ్బై ఐదేళ్ల మనిషి, బడికి నడిచి వెళ్లే పిల్లవాడు ఒకే కప్పు కింద ఉన్నా వాళ్ల ఖాతాలు వేరు. ఆ ఖాతాలు విడదీసి చూస్తేనే ఎక్కడ తగ్గించవచ్చో, ఎవరి జోలికి పోకూడదో తెలుస్తుంది. కావలసినవి పన్నెండు నెలల బిల్లులు, ఒక నోటు పుస్తకం, ఒక సెలవు పూట.

ముందు ఇంటి మొత్తం తేల్చండి

ఏడాది మొత్తానికి లెక్క వేయండి. చేతికి దొరికిన ఒక నెల బిల్లును పన్నెండుతో గుణించడం చాలామంది చేసే తప్పు. అది ఎండలు ముదిరిన నెలో, చలి ముదిరిన నెలో అయితే లెక్క ఒకటిన్నర రెట్లు తప్పినా ఆశ్చర్యం లేదు. పాత బిల్లులు లేకపోతే ఈరోజు మీటర్ రీడింగ్ రాసిపెట్టి, ఏడాది తర్వాత అదే తేదీన మళ్లీ చూడండి.

కరెంటు యూనిట్లను గుణించాల్సిన అంకె మీ ప్రాంతపు కరెంటు సరఫరా వ్యవస్థ (గ్రిడ్) దేనితో నడుస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. బొగ్గు కరెంటైతే యూనిట్‌కు దాదాపు 1 కిలో కార్బన్ డయాక్సైడ్, సహజవాయువైతే 0.4 నుంచి 0.5 కిలో. జల, పవన, అణు విద్యుత్తులకు నిర్మాణం నుంచి అంతా కలిపినా కొన్ని పదుల గ్రాములే. చాలా దేశాల్లో ప్రభుత్వ విద్యుత్ విభాగాలు గ్రిడ్ సగటు ప్రకటిస్తాయి, ఆ అంకె తీసుకోండి. కింది ఉదాహరణలో 0.7 వాడుతున్నాం.

పెట్రోలు లీటరుకు 2.3 కిలోలు, డీజిల్ లీటరుకు 2.7. లీటరు పెట్రోలు బరువే ముప్పావు కిలో అయితే 2.3 కిలోల వాయువు ఎక్కడి నుంచి వస్తుందని అనుమానం రావడం సహజం. ఆ లీటరులో సుమారు 0.63 కిలో కార్బన్ ఉంటుంది. మండేటప్పుడు ప్రతి 12 పాళ్ల కార్బన్ గాలిలోంచి 32 పాళ్ల ఆక్సిజన్‌ను కలుపుకొని 44 పాళ్లవుతుంది. పెరిగిన బరువంతా గాలి నుంచి వచ్చిందే.

వంటగ్యాసు కిలోకు 3 కిలోలు. సిలిండర్‌ను ఖాళీ సిలిండర్ బరువుతో కలిపి లెక్కిస్తే అంకె రెట్టింపవుతుంది, లోపలి గ్యాసు బరువే తీసుకోండి. పైపు గ్యాసుకు ఘనపు మీటరుకు 2 కిలోలు.

విమానానికి ఎకానమీ సీటులో కిలోమీటరుకు 0.1 కిలో చొప్పున వేయండి, తక్కువ దూరాలకు ఇంకాస్త ఎక్కువ. రాకపోకలు రెండూ కలపండి, తిరుగు ప్రయాణం మరచిపోయేవాళ్లే ఎక్కువ. బిజినెస్ సీటు పట్టే చోటు పెద్దది కాబట్టి రెండు మూడు రెట్లు వేయాలి. విమానం వెనక ఏర్పడే మంచు చారల వేడి ఈ అంకెలో లేదు, అది కలిపితే భూమిని వేడెక్కించే ప్రభావం ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు మనుషులవారీగా విడదీయండి

ఒక ఇంటిని తీసుకుందాం. అవ్వ, కొడుకు, కోడలు, పదిహేనేళ్ల మనవడు. నెలకు 300 యూనిట్ల కరెంటు, ఏడాదికి 2,520 కిలోలు. నెలకు 10 కిలోల వంటగ్యాసు, 360 కిలోలు. నెలకు 50 లీటర్ల పెట్రోలు, 1,380 కిలోలు. కొడుకు సొంత పని మీద చేసిన 6,000 కిలోమీటర్ల విమాన ప్రయాణం, 600 కిలోలు. మొత్తం 4,860. నలుగురితో భాగిస్తే తలకు 1,215.

అలా భాగించకండి. ఉమ్మడిగా వాడేవి, అంటే ఫ్రిజ్, హాలు లైట్లు, పంపు, వంటగ్యాసు, అందరికీ సమానంగా పంచండి. గదిలో నడిచే ఏసీ, గీజరు ఆ గదివాళ్ల ఖాతాలో వేయండి. ఏసీ ఎన్ని యూనిట్లు తాగుతుందో తెలియకపోతే ప్లగ్‌కు తగిలించే చిన్న వాట్ మీటరు వారం రోజులు పెట్టి చూడండి, కానీ దాని మీద రాసిన ఆంపియర్ల పరిమితి ఏసీకి సరిపోతేనే. కారును కిలోమీటర్ల లెక్కన విడదీయండి. ఉద్యోగానికి ఒక్కరే వెళ్లి వచ్చిన దూరం ఆ ఒక్కరిదే, అందరూ కలిసి తిరిగింది అందరిదీ. కంపెనీ పంపిన ప్రయాణాన్ని కంపెనీ తన ఖాతాలో వేసుకుంటుంది కాబట్టి విడిగా రాసుకోండి, ఇంటి మొత్తంలో కలపకండి.

ఈ ఇంట్లో కరెంటులో సగం, 1,260 కిలోలు, ఉమ్మడిది. తలకు 315. మిగతా సగంలో అవ్వ గదికి 400, దంపతులకు 560, మనవడికి 300. గ్యాసు తలకు 90. పెట్రోలులో మూడింట రెండొంతులు కొడుకు ఉద్యోగ ప్రయాణానివి, మిగిలినది తలకు 115. కూడితే అవ్వకు 920, కోడలికి 800, మనవడికి 820, కొడుకుకు 2,320 కిలోలు వస్తాయి. 1,215 అన్న సగటుకు దగ్గరగా కూడా ఇంట్లో ఎవరూ లేరు. పగలంతా అవ్వ గదిలో ఏసీ నడుస్తోందని విసుక్కునే ఇంట్లో నిజమైన బరువు ఎక్కడుందో ఈ పట్టిక చూపిస్తుంది.

తిండిని దీనికి విడిగా కలపాలి. కిలో గొడ్డు మాంసానికి 60 కిలోలు లేదా అంతకన్నా ఎక్కువ, బియ్యానికి సుమారు 4, లీటరు పాలకు 3, పప్పుధాన్యాలకు 1 దరిదాపుల్లో వస్తుంది. ఇందులో మీథేన్ లాంటి వాయువులు కూడా కార్బన్ డయాక్సైడ్‌కు సమానంగా మార్చి కలిపి ఉంటాయి. వండి పారేసింది కూడా లెక్కలోదే. ఎదిగే పిల్లల, వృద్ధుల పాలు, మాంసకృత్తులు ఈ లెక్క కోసం తగ్గించవద్దు. నడివయసువాళ్ల పళ్లెంలో మార్పుకు చోటు ఎక్కువ.

వయసుతో ఏం మారుతుంది

వయసు దానంతటదే ఉద్గారాలను పెంచదు. వయసుతోపాటు మారేవి నాలుగు: సంపాదన, ఇంట్లో గడిపే గంటలు, ఒక కప్పు కింద ఉండే మనుషుల సంఖ్య, శరీరం తట్టుకోగలిగే వేడి, చలి. వీటిలో సంపాదన బలం మరీ ఎక్కువ. ప్రపంచంలో అత్యధికంగా ఉద్గారాలున్న 10 శాతం కుటుంబాల వాటా గృహ వినియోగపు ఉద్గారాల్లో 34 నుంచి 45 శాతమని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2022 నివేదిక చెప్పింది. కాబట్టి ఒకే వయసువాళ్లిద్దరి మధ్య తేడా, రెండు వయసుల మధ్య తేడాకన్నా పెద్దదై ఉండవచ్చు.

ఇంకో మెలిక ఉంది. ఇవాళ్టి అరవై ఏళ్లవాళ్ల అలవాట్లు వయసువల్ల వచ్చినవా, వాళ్లు పెరిగిన కాలంవల్ల వచ్చినవా అన్నది వేరు చేసి చూడాలి. కారు, పెద్ద ఇల్లు అలవాటైన తరం ఆ అలవాటునే ముసలితనంలోకి తీసుకెళుతుంది. 32 అభివృద్ధి చెందిన దేశాలను పరిశీలించి 2022లో వచ్చిన అధ్యయనంలో, గృహ వినియోగపు ఉద్గారాల్లో అరవై దాటినవారి వాటా 2005లో 25.2 శాతం ఉంటే 2015లో 32.7 శాతానికి చేరింది. వాళ్ల సంఖ్య పెరగడం ఒక్కటే దానికి కారణం కాదు, ఖర్చు తీరు కూడా.

పసిబిడ్డ ఉన్న ఇంట్లో డైపర్ల గురించి వాదన నడుస్తుంటుంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008 లెక్క ప్రకారం రెండున్నరేళ్లకు వాడి పారేసేవాటి ఉద్గారాలు 550 కిలోలు, ఉతికి వాడే గుడ్డవాటివి సగటున 570. గుడ్డవి నిండు మెషీన్‌లో ఉతికి, తీగ మీద ఆరేసి, తర్వాతి బిడ్డకూ వాడితే ఆ 570లో 40 శాతం తగ్గుతుంది. మరీ వేడి నీళ్లతో ఉతికి డ్రయ్యర్‌లో ఆరబెడితే పారేసేవాటికన్నా ఘోరం. తేడా గుడ్డలో లేదు, ఉతికే తీరులో ఉంది.

పదిహేను, ఇరవై ఏళ్లవాళ్లను వీడియోలు చూడొద్దని దండించడం పెద్దగా అక్కరకు రాదు. గంట వీడియోకు అంతర్జాతీయ ఇంధన సంస్థ 2020లో కట్టిన ప్రపంచ సగటు 36 గ్రాములు. రోజూ మూడు గంటలు చూసినా ఏడాదికి 40 కిలోలు దాటదు. అదే పిల్లవాడు షవర్ కింద పది నిమిషాలు నిలబడితే 100 లీటర్ల నీళ్లు పోతాయి. వాటిని 15 డిగ్రీలు వేడి చేయడానికి 1.74 యూనిట్లు కావాలి. రోజూ అయితే ఏడాదికి 445 కిలోలు. ఐదు నిమిషాలకు తగ్గిస్తే అందులో సగం మిగులుతుంది. ఫోను విషయంలోనూ అంతే, దాని ఉద్గారాల్లో సింహభాగం తయారీలోనే అయిపోతుంది. రెండేళ్లకు మార్చేదాన్ని నాలుగేళ్లు వాడండి.

ముప్పై నుంచి అరవై మధ్య వయసే అసలు బరువు మోసే కాలం. ఉద్యోగం, ఇల్లు, కారు ఈ కాలంలోనే ఖాయమవుతాయి, ఒక్కసారి తీసుకున్న నిర్ణయం పదిహేను ఇరవై ఏళ్లు నడుస్తుంది. ఇల్లు చూసేటప్పుడే రాకపోకల లెక్క వేయండి. ఆఫీసు 20 కిలోమీటర్ల దూరమైతే ఏడాదికి 240 పనిదినాలకు 9,600 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 640 లీటర్లు, అంటే 1,470 కిలోలు. ఐదు కిలోమీటర్ల దూరంలో ఇల్లు దొరికితే అది 370కి దిగుతుంది, ఆ దూరానికి సైకిలు కూడా సరిపోతుంది. అదే కారులో నలుగురు వెళితే తలకు నాలుగో వంతే. ఇంట్లో లైట్లు ఆర్పుకుంటూ తిరిగితే ఇంత మిగలదు.

పెద్దవాళ్ల దగ్గర జాగ్రత్త అవసరం. వయసు పైబడితే చెమట తగ్గుతుంది, దాహం తెలియదు, కొన్ని మందులు వేడిని తట్టుకునే శక్తిని ఇంకా తగ్గిస్తాయి. వాళ్ల గది చల్లదనాన్ని, వెచ్చదనాన్ని కోసి కార్బన్ మిగల్చాలని చూడకండి. గదిని మార్చండి. పడమటి ఎండ పడే కిటికీకి బయటి వైపు నీడ కట్టండి, లోపలి కర్టెన్ వేడిని అప్పటికే లోపలికి రానిచ్చి ఉంటుంది. పై అంతస్తు నుంచి కింది గదికి మార్చండి. ఏసీతోపాటు ఫ్యాను వేసి రెండు మూడు డిగ్రీలు పెంచండి. గది 40 డిగ్రీలు దాటితే మాత్రం ఫ్యాను ఒక్కదాని మీద ఆధారపడకూడదు, అది వేడి గాలినే ఒంటికి కొడుతుంది. పిల్లలు వెళ్లిపోయాక నాలుగు గదుల ఇంట్లో ఇద్దరే మిగిలితే వాడని గదుల తలుపులు మూసి, రెండో ఫ్రిజ్ ఆపేయండి.

ఉబ్బసానికి నొక్కి పీల్చే ఇన్‌హేలర్లలో మందును బయటికి నెట్టే వాయువు భూమిని బాగా వేడెక్కించేది. ఒక్కో డబ్బాకు పది కిలోలకు పైగా పడవచ్చు, పొడి మందు ఇన్‌హేలర్‌కు సాధారణంగా ఒక కిలో లోపే. అయితే పొడిని లోపలికి లాగడానికి ఊపిరి బలం కావాలి, అందరు వృద్ధులకూ అది ఉండదు. డాక్టరును అడగకుండా మార్చవద్దు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

ఖర్చుపెట్టిన డబ్బును బట్టి ఉద్గారాలు చూపించే కాలిక్యులేటర్లతో జాగ్రత్త. ఖరీదైన చొక్కా పదేళ్లు వాడేవాడికి, చవక చొక్కాలు పది కొని పారేసేవాడికి అవి ఒకే అంకె చూపించవచ్చు. బట్టలు, సామాను లెక్కలో సంఖ్యనూ వాడిన ఏళ్లనూ రాసుకోండి.

అందరూ వదిలేసేది ఏసీలోని వాయువు. ఆర్-410ఏ రకం కిలో బయటికి పోతే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, మన ఉదాహరణలో అవ్వ ఏడాది ఖాతాకు రెట్టింపు. ఆర్-32 అయితే అందులో మూడో వంతు. ఏటా గ్యాసు నింపించుకుంటున్నారంటే ఎక్కడో కారుతున్నట్టే. నింపించే ముందు కారే చోటు వెతికి అతికించమనండి. ఏసీని విప్పి వేరే ఇంటికి తీసుకెళ్లేటప్పుడు పైపు ఊడదీసి వాయువును గాలిలోకి వదలకుండా, బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసిన తర్వాతే విప్పమని దగ్గరుండి చెప్పండి. ఎన్ని గ్రాములు నింపారో అడిగి, ఆ అంకెను అదే నోటు పుస్తకంలో తేదీతో సహా రాయండి.