కొత్త సీజన్ తేదీని మన గడియారంలోకి మార్చుకోవడం ఎలా?

మా వంటింటి క్యాలెండర్‌లో అమావాస్య పక్కనే పెన్సిల్‌తో ‘డ్రాగన్లు, 6:30’ అని రాసి ఉంటుంది. "ఇదేం వ్రతంరా?" అంటుంది అమ్మ.

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సిరీస్ తేదీ ప్రకటించగానే, అది ఏ దేశపు తేదీయో ముందు చూడండి. అమెరికా తూర్పు తీరంలో ఆదివారం రాత్రి 9 అంటే హైదరాబాద్‌లో సోమవారం పొద్దున 6:30. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. అప్పటినుంచి మార్చి రెండో ఆదివారం దాకా మనకు 7:30.

‘స్ట్రేంజర్ థింగ్స్’ చివరి సీజన్‌కి నేనే బోల్తా పడ్డాను. 2025 నవంబర్ 26 అని రాసుకుని, ఆ రాత్రి మిర్చీ బజ్జీలు తెచ్చుకుని కూర్చున్నా. అది తూర్పు తీరంలో 9కి కాదు, రాత్రి 8కే విడుదలైంది కాబట్టి, ఇక్కడ వచ్చింది 27 పొద్దున 6:30కి. బజ్జీలు మాత్రం అప్పటికే అయిపోయాయి.

విడతలు కూడా రాసుకోండి. అదే సీజన్ నాలుగు, మూడు, ఒకటి చొప్పున మూడు విడతలుగా వచ్చింది. ఆఖరిది మనకు జనవరి 1న. వారానికో ఎపిసోడ్ వేసే సిరీస్ అయితే, అన్నీ వచ్చాక ఒక్క నెలకే డబ్బు కట్టండి. నాకైతే అంత ఓపిక లేదు.

చూసేదాకా ఆఫీస్ వాట్సాప్ గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టండి. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారేలోపే ఎవరు చచ్చారో చెప్పేసే మహానుభావుడు మా టీంలో ఒకడున్నాడు.