వూస్టర్‌లో ఇంటి నుంచి పచ్చళ్ళు అమ్మాలంటే

ఇంగ్లండ్‌లో వూస్టర్ వైపు ఉంటూ పచ్చళ్ళు, పొడులు అమ్ముదామనుకుంటే ముందు మీ లోకల్ కౌన్సిల్ దగ్గర ఫుడ్ బిజినెస్‌గా రిజిస్టర్ అవ్వండి, మొదలెట్టడానికి 28 రోజుల ముందే, ఫ్రీనే, కాదనరు కూడా. వూస్టర్ ఉన్న వూస్టర్‌షైర్ కౌంటీలో ఆరు డిస్ట్రిక్ట్ కౌన్సిళ్ళకీ కలిపి 2010 నుంచి వూస్టర్‌షైర్ రెగ్యులేటరీ సర్వీసెస్ అని ఒకటే టీమ్, ఫుడ్ ఇన్‌స్పెక్షన్లు, పక్కింటి గోల మీద కంప్లైంట్లు, ట్యాక్సీ లైసెన్సులు అన్నీ వాళ్ళే. ఇన్‌స్పెక్టర్ వంటగది శుభ్రం, ఫ్రిజ్ చల్లదనం (8 డిగ్రీలు దాటకూడదు), మీరు రాసుకున్న రికార్డులు చూసి 0 నుంచి 5 దాకా రేటింగ్ ఇస్తారు. అసలు తలనొప్పి లేబుల్ దగ్గరే, ఆవాలు, నువ్వులు, వేరుశనగ మూడూ అక్కడి 14 అలర్జెన్ల (అలర్జీ తెప్పించే పదార్థాల) లిస్టులో ఉన్నాయి, సీసా మీద బోల్డ్‌లోనో మరోలాగో విడిగా కనబడేలా కొట్టాల్సిందే, ఆవపిండి లేని ఆవకాయ ఎక్కడుంది చెప్పండి!