నంబరు దొరక్కపోతే పార్టు పనేమిటో చూడండి

పాత రేడియో లాంటివాటి సర్క్యూట్ బోర్డు చేతికి రాగానే "ఈ పార్టు ఇప్పుడు రావట్లేదండీ, పక్కన పెట్టేయండి" అనేస్తారు చాలామంది. ఆ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. తయారీ ఆగింది ఆ నంబరుకే. ఆ పార్టు చేసే పనిని చేయగలిగేది వెతికితే చాలాసార్లు దొరుకుతుంది.

అయితే ముందు చచ్చింది అదేనా అని తేల్చుకోండి. నా బల్ల మీదికి "ఐసీ (చిప్) పోయింది" అంటూ వచ్చిన బోర్డుల్లో చాలావాటికి ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరో, చిట్లిన సోల్డరో కారణం. ప్లగ్ తీసేశాక కూడా మెయిన్స్ (ఇంటి కరెంటు అందే) వైపు పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. ఒక కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో దాన్ని ఖాళీ చేసి, మీటరు పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. ఎలక్ట్రోలైటిక్ మార్చేటప్పుడు మైక్రోఫారడ్ విలువ అదే ఉంచండి, వోల్టేజి కాస్త ఎక్కువున్నా ఫర్వాలేదు. 85 డిగ్రీల వేడి తట్టుకునేది ఉన్నచోట 105 డిగ్రీలది వేస్తే ఇంకా మంచిది.

ట్రాన్సిస్టర్ల దగ్గరే అసలు పని. నేను ఎక్కువగా చూసేది జెర్మేనియం జంట ఏసీ187, ఏసీ188. పాత రేడియోల్లో స్పీకర్‌ను నడిపేది ఇవే. వీటి బదులు సిలికాన్ జంట బీడీ139, బీడీ140 వేయొచ్చు. ఎన్‌పీఎన్ (ఏసీ187) ఉన్నచోట 139, పీఎన్‌పీ (ఏసీ188) ఉన్నచోట 140. మొదటిసారి నేను ఊరికే అలా మార్చేసి స్విచ్ వేశాను. పాట వచ్చింది, కానీ వాల్యూమ్ తగ్గిస్తే గాయని గొంతు జీరబోయి గరగరలాడింది. పెంచితే బాగానే ఉంది. రాత్రంతా స్పీకర్‌నే అనుమానించాను. తప్పు బయాస్‌ది, అంటే ట్రాన్సిస్టర్‌ను పనికి సిద్ధంగా ఉంచే చిన్న వోల్టేజిది. జెర్మేనియం ట్రాన్సిస్టర్‌కు బేస్ దగ్గర 0.2 వోల్టుల లోపు చాలు. సిలికాన్‌కు 0.6 దాకా కావాలి. అది అందకపోతే ఒక ట్రాన్సిస్టర్ ఆగి రెండోది మొదలయ్యే మధ్యలో శబ్దం తెగిపోతుంది.

అందుకే ఆ రెండు బేస్‌ల మధ్య ఉన్న బయాస్ రెసిస్టర్‌నీ, థర్మిస్టర్‌నీ తీసేసి, ఒక 1ఎన్4148 డయోడ్, దానికి సీరీస్‌లో 500 ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్) పెట్టండి. డయోడ్‌ను ట్రాన్సిస్టర్ ఒంటికి ఆనించి కట్టండి, వేడెక్కినప్పుడు బయాస్‌ను అది కొంత అదుపు చేస్తుంది. ప్రీసెట్‌ను సున్నా దగ్గర పెట్టి స్విచ్ వేయండి. ఏ శబ్దమూ లేనప్పుడు ఆ జంట తాగే కరెంటు 5 నుంచి 10 మిల్లీ ఆంపులు వచ్చేదాకా మెల్లగా తిప్పండి. గొంతు తేటగా వినపడుతుంది. రెండింట్లో ఒకటే పోయినా జంటగానే మార్చండి.

కాళ్ల వరస కూడా చూసుకోవాలి. బీసీ547ను చదునైన వైపు మనకేసి, కాళ్లు కిందికి పెట్టి పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కు అదే వైపు నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఒకదాని బదులు ఇంకొకటి వేయాలంటే దాన్ని వెనక్కి తిప్పి పెట్టాల్సిందే. డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చదివాక కూడా మీటరుతో ఒకసారి చూడండి.

లాజిక్ ఐసీల్లో (హై, లో అనే రెండు స్థాయిలతో పనిచేసే చిప్పులు) 74ఎల్ఎస్ రకం దొరక్కపోతే 74హెచ్‌సీటీ వేయండి, చివర టీ ఉన్నదే. ఉత్త హెచ్‌సీకి 5 వోల్టుల సరఫరాలో 'హై' అని గుర్తించాలంటే 3.5 వోల్టులు కావాలి. 74ఎల్ఎస్ లాంటి పాత టీటీఎల్ రకం ఐసీ అంత ఇస్తుందన్న హామీ లేదు. హెచ్‌సీటీకి 2 వోల్టులు చాలు. 2716 ఈప్రోమ్ (ప్రోగ్రాం దాచే మెమరీ చిప్, అతినీలలోహిత కాంతి పడితే చెరిగిపోతుంది) ఉన్న బోర్డయితే, దాని కిటికీ మీది స్టిక్కర్ ఊడదీయకుండా, మిగతా పనంతటికీ ముందే లోపలి డేటాను చదివి దాచుకోండి. చిప్ మళ్లీ దొరకొచ్చు, ఆ ప్రోగ్రాం మాత్రం దొరకదు. తర్వాత దాన్ని 28సీ16 అనే మెమరీ చిప్‌లో రాసి అదే సాకెట్‌లో పెట్టొచ్చు.

పాత గోధుమరంగు బోర్డుల్లో వేడి ఎక్కువైతే రాగి ప్యాడ్ లేచిపోతుంది. అందుకని చచ్చిన ఐసీని మొత్తంగా ఊడదీయాలని చూడను. కాళ్లన్నీ కట్టర్‌తో కత్తిరించి, ఒక్కో కాలినీ విడిగా వేడి చేసి పట్టకారుతో లాగుతాను. ఆ చోట సాకెట్ పెడితే ఇంకోసారి ప్యాడ్‌ను వేధించనక్కర్లేదు. కొత్త చిప్ మీద అక్షరాలు మరీ తాజాగా అనిపిస్తే దూదితో అసిటోన్ రాసి చూడండి. పై పూత కరిగి కింద గీకిన గుర్తులు కనిపిస్తే అది నంబరు మార్చి అమ్మిన సరుకు.

మెయిన్స్ బోర్డును మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాతకాలం ఫిలమెంట్ బల్బు, 60 వాట్లది, సీరీస్‌లో పెట్టండి. క్షణం వెలిగి మసకబారితే సరే. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపేయండి. అంతా బాగుంటే, తీసినదేమిటో, వేసినదేమిటో, తేదీతో సహా చిన్న చీటీ మీద రాసి మూత లోపల అతికించండి. పదేళ్ల తర్వాత దాన్ని విప్పేవాళ్లకు ఏసీ187 చోట బీడీ139 ఎందుకుందో తెలియాలి.